నిటోబే తోట: తొందర లేనివారికి మాత్రమే

కెనడాలో, వాంకూవర్‌లోని బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయ ప్రాంగణంలో, ఆంత్రోపాలజీ మ్యూజియంకు నడక దూరంలో ఉన్న నిటోబే స్మారకోద్యానం అనే జపాన్ పద్ధతి తోట విస్తీర్ణం దాదాపు రెండున్నర ఎకరాలే. ఆగకుండా నడిస్తే ఇట్టే చుట్టి రావచ్చు గానీ, అలా వచ్చినవారికి టికెట్టు డబ్బు దండగ అనిపిస్తే ఆశ్చర్యం లేదు. ఎందుకంటే ఈ తోట ఒకచోట నిలబడి చూడడానికి వేసినది కాదు, చెరువు చుట్టూ తిరిగే దారిలో అడుగడుగునా దృశ్యం మారేలా కూర్చినది. ఒక మలుపులో కనిపించిన రాతి దీపం నాలుగడుగులు వేసేసరికి పొద చాటుకు వెళ్లిపోతుంది, మళ్లీ అవతలి ఒడ్డు నుంచి చూస్తే నీటిలో దాని నీడతో సహా దర్శనమిస్తుంది. టీ గది వైపు వెళ్లే దారిలో పరిచిన ఎగుడుదిగుడు రాళ్ల మీద కాలు చూసుకుంటూ వేయాల్సిందే కాబట్టి, నడక తనంతట తానే నెమ్మదిస్తుంది.

చీబా విశ్వవిద్యాలయ ఆచార్యుడు కన్నోసుకే మోరి రూపకల్పన చేసిన ఈ తోట 1960లో తెరుచుకుంది. ఇది ఎవరి స్మారకమో ఆ జపాన్ దేశస్థుడు ఇనాజో నిటోబే నానాజాతి సమితిలో ఉన్నత పదవి నిర్వహించారు, పసిఫిక్ మహాసముద్రానికి వారధి కావాలని కోరుకున్నారు; 1933లో ఇదే రాష్ట్రంలోని విక్టోరియాలో కన్నుమూశారు. జపాన్ ఒకప్పటి 5,000 యెన్ల నోటు మీద ఉన్న బొమ్మ ఆయనదే. ఆ వారధి మాట తోటలోని వంతెనల కన్నా చెట్లలోనే నాకు ఎక్కువగా కనిపించింది: జపాన్ నుంచి తెచ్చిన చెర్రీ, మేపుల్ చెట్ల సరసన కెనడా అడవి చెట్లనే జపాన్ పద్ధతిలో కత్తిరించి, కొమ్మలు వంచి పెంచారు. ఏది ఎక్కడి చెట్టో పోల్చుకోవడం అంత తేలిక కాదు.

ఏప్రిల్‌లో చెర్రీ పూలు, జూన్‌లో ఐరిస్‌లు, అక్టోబరులో ఎర్రబారిన మేపుల్ ఆకులు ఇక్కడి ప్రధాన ఆకర్షణలు. నన్నడిగితే అక్టోబరులో సన్నని తుంపర పడే రోజే మేలు. తడిసిన నాచు పచ్చదనం ఎండలో అంతగా తేలదు. జారని చెప్పులు మాత్రం తప్పనిసరి. రకరకాల పూల మడులు కోరుకునేవారికి, పిల్లలను పరుగెత్తనివ్వాలనుకునేవారికి ఇది తగిన చోటు కాదు. చలికాలంలో సందర్శన వేళలు మారుతుంటాయి కనుక ముందే చూసుకోవాలి. మ్యూజియం, తోట రెండింటికీ కలిపి గంటే సమయం ఉంటే, ఏదో ఒకటి మరో రోజుకు వాయిదా వేసుకోవడం మంచిది.