సినిమా చూశాం కదా అని నౌసికాను వదిలేయకండి

నా నౌసికా పెట్టె మూలలు అరిగి అట్ట పీచులు లేచింది. నౌసికా జపాన్ బొమ్మల కథ. పెట్టె లోపల రెండు బరువైన పుస్తకాలు, ఏడు సంపుటాలు, అంతా కలిపి వెయ్యి పేజీల పైమాటే. కొన్న రోజు మా అమ్మ "గిన్ని పైసలు పెట్టి బొమ్మల పుస్తకం తెచ్చినవా?" అని నోరు నొక్కుకుంది. పదేళ్లలో మొదట్నుంచి చివరిదాకా నాలుగుసార్లు చదివాను. ముగ్గురికి అరువిచ్చాను. ఇద్దరు మొదటి సంపుటం సగంలోనే తిరిగిచ్చేశారు. మూడో ఆయన ఏడాదైనా ఇవ్వకపోతే దేవరకొండ దాకా బస్సెక్కి పోయి తెచ్చుకున్నాను. ఆయనకు నచ్చిందన్నమాట.

లోకం అంతమైపోయిన తర్వాతి కథలంటే నాకు ఇష్టమే గానీ, మొదలుపెట్టాలంటే ఒక భయం ఉండేది. ఏళ్ల తరబడి సాగదీస్తారు, మధ్యలో ఆపేస్తారు, చదివిన మనం గాల్లో వేలాడాలి. దీనితో ఆ బాధ లేదు. జపాన్ యానిమేషన్ సినిమాల దర్శకుడు హయావో మియాజాకి దీన్ని 1982 ఫిబ్రవరి నుంచి 1994 మార్చి దాకా అనిమేజ్ అనే జపాన్ మాసపత్రికలో తానే రాసి, తానే బొమ్మలు వేశాడు. మధ్యమధ్యలో సినిమాలు తీయడానికి ఆపి, మళ్లీ వచ్చి అందుకున్నాడు. పన్నెండేళ్లు ఎదురుచూసిన జపాన్ పాఠకుల మీద నాకు జాలి. మనకు పదిహేను రోజుల పని.

1984లో వచ్చిన సినిమా చూసినవాళ్లు చాలామంది కథ తెలుసనుకుంటారు. నేనూ అట్లాగే అనుకున్నాను. సినిమాలో ఉన్నది సుమారుగా మొదటి రెండు సంపుటాల సరుకు, అదీ మార్చి, కుదించి. మిగతా ఐదు సంపుటాలు వేరే లోకం.

కథ ఇదీ. 'ఏడు రోజుల అగ్ని' అనే యుద్ధంలో యంత్రాల నాగరికత కాలిపోయి వెయ్యేళ్లయింది. ఆ పాడైన నేల మీద బూజులాంటి పెద్ద అడవి పెరుగుతోంది. దాని గాలి పీలిస్తే చావే, మూతికి ముసుగు లేకుండా అడుగు పెట్టలేరు. అందులో ఇల్లంతేసి పురుగులు ఉంటాయి. వాటిలో పెద్దవి ఓములు. సముద్రం గాలి వీస్తుంది కాబట్టి ఒక చిన్న లోయ ఇంకా బతికి ఉంది. నౌసికా ఆ లోయ రాజు కూతురు. ఆమెకు ముందు పుట్టిన పదిమందీ దక్కలేదు. తండ్రి విషం ఒంటికెక్కి మంచం పట్టాడు. పెద్ద రాజ్యాలు రెండు కొట్టుకుంటుంటే, పాత ఒప్పందం ప్రకారం ఈ పిల్ల ఆ యుద్ధంలోకి పోవాల్సి వస్తుంది.

ఇంతవరకు చెబితే మామూలు కథే. నన్ను పట్టుకున్నది వేరే చోట. నౌసికా ఒక రహస్య గదిలో అడవి మొక్కలు పెంచుతుంది. బాగా లోతు నుంచి గాలిమర తోడిన నీళ్లు పోస్తే అవి విషం చిమ్మవు. తప్పు మొక్కది కాదు, అది నిలబడ్డ మట్టిది. ఆ పేజీ దగ్గర పుస్తకం మూసి కాసేపు కూర్చున్నాను. మాది నల్గొండ జిల్లా మర్రిగూడ దిక్కు. మా దగ్గర ఈ లెక్క తిరగబడింది. పైనీళ్లు ఎండితే బోర్లు దింపారు. లోతుకు పోయినకొద్దీ రాతిలోని ఫ్లోరైడ్ నీళ్లతో పాటు పైకొచ్చింది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదంటారు. మా దిక్కు కొన్ని ఊళ్లలో దానికి ఎన్నో రెట్లు తేలింది. పిల్లలకు గారపళ్లు, పెద్దలకు వంగిన నడుములు. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్‌ను అడుగుకు దింపే పద్ధతిని వేరే దేశాల్లోనూ 'నల్గొండ టెక్నిక్' అనే అంటారు. పేరైతే మాకు దక్కింది.

సినిమాలో ఆ లోయ ముసలాయన ఒకాయన శత్రువుల రాకుమారికి విషంతో గట్టిపడుతున్న తన చేతులు చూపిస్తాడు. ఇంకో ఆరు నెలలకు ఇవి రాళ్లయిపోతాయంటాడు. మా రాకుమారికి ఈ చేతులంటే ఇష్టం, కష్టం చేసిన చేతులంటుంది అని చెబుతాడు. మా నాయనమ్మ చేతులు అట్లాగే ఉండేవి. ముద్ద కలిపేది గానీ పిడికిలి పూర్తిగా మూసుకునేది కాదు. ఆ ఒక్క సీను కోసమే నేను పుస్తకం కొన్నాను.

ఇంటికి భగీరథ నల్లా వచ్చి కృష్ణ నీళ్లు పడ్డ కొత్తలో అందరం సంబరపడుతుంటే నాయనమ్మ అన్నది, "నీళ్లు మంచిగైనయి బిడ్డా. నా నడుం మంచిగైతదా?" కాదు. గట్టిపడ్డ ఎముక వెనక్కి రాదు. నౌసికా చివరి సంపుటాలు ఈ ప్రశ్ననే పట్టుకుని కూర్చుంటాయి. లోకం శుద్ధి అవుతుందంటే వినడానికి హాయిగా ఉంటుంది. విషంలోనే పుట్టి, విషంతోనే బతికిన ఒళ్లు ఆ శుద్ధి లెక్కలో ఎక్కడికి వస్తాయి? ఆ లెక్క వేసేది ఎవరు? సినిమా ఆ గడప దాకా వచ్చి ఆగిపోతుంది. ఏడో సంపుటం లోపలికి పోతుంది. ఇంతకు మించి చెబితే మీ నోటి దగ్గరి ముద్ద లాక్కున్నట్టే.

జపాన్‌లో పాదరసంతో పాడైన మినమాటా అఖాతంలో మనుషులు చేపలు పట్టడం మానేశాక, కొన్నేళ్లకు చేపలు గుంపులుగా తిరిగొచ్చాయన్న వార్త ఈ కథకు ఒక మూలమని మియాజాకే చెప్పాడు. అది తెలిశాక ఓములు నాకు ఇంకోలా కనబడ్డాయి.

ఇక కుషానా, ఇందాకటి శత్రువుల రాకుమారి. సినిమాలో వాళ్ల సేనాని, అంతే. పుస్తకంలో నాకు నౌసికా కన్నా ఈమే ఎక్కువ. తనకు పెట్టిన విషం తల్లి తాగి మతి పోగొట్టుకుంది. సొంత తండ్రి, అన్నలే ఆమెను చావుకు పంపుతుంటారు. సైనికులు మాత్రం ప్రాణం పెడతారు. కోపం తప్ప ఆస్తి లేని మనిషి ఆ కోపాన్ని ఏం చేసుకోవాలో నేర్చుకునే తీరు కోసమే మూడో సంపుటం మళ్లీ తీస్తుంటాను. నౌసికా కొన్నిచోట్ల మరీ దేవతలా ప్రవర్తిస్తుంది. అది నాకు ఇప్పటికీ గొంతు దిగదు.

కష్టాలు కూడా చెప్పాలి. మొదటి యాభై పేజీలు ఏటికి ఎదురీతే. అందరికీ ముసుగులు, శిరస్త్రాణాలు, ఎవరు ఎవరో తెలియదు. పేర్లు నోరు తిరగవు. పేజీకి తొమ్మిది పది గళ్లు, ప్రతి గడిలో సన్నని గీతలు. చందమామలో శంకర్ గీసిన విక్రమార్కుడి బొమ్మను కళ్లు చికిలించి చూసినవాళ్లకు ఆ ఓపిక ఉంటుంది, మిగతావాళ్లు తెచ్చుకోవాలి. అచ్చు నల్లసిరాలో కాదు, గోధుమరంగులో ఉంటుంది. రాత్రి బల్బు కింద గీతలన్నీ కలిసిపోతాయి, పగటి వెలుతురులో చదవండి. పడుకుని చదివే ఆలోచన మానండి, ఛాతీ మీద ఇటుక పెట్టుకున్నట్టే. నాలుగో సంపుటంలో యుద్ధం కొంచెం సాగుతుంది, నేను రెండోసారి చదివినప్పుడు అక్కడ కొన్ని పేజీలు దాటేశాను కూడా.

కుడి నుంచి ఎడమకు చదవాలి. మా మేనకోడలు ఎనిమిదో తరగతి. మొదటిరోజు చివరి పేజీ తెరిచి, "మామా, ఏందిది, అందరు ఏడుస్తున్నరు?" అన్నది. పుస్తకం గుంజుకుని తిప్పి ఇచ్చాను. అంతకన్నా చిన్నపిల్లలకు ఇవ్వకండి, నెత్తురు బాగానే ఉంది.

నగరం, మోటారుసైకిళ్లు, పేలుళ్లు కావాలంటే అదే 1982లో మొదలైన అకీరా అనే ఇంకో జపాన్ బొమ్మల కథ ఉంది. ఆరు సంపుటాలు, అదీ పూర్తయిందే. బొమ్మల వేగంలో దాన్ని కొట్టింది లేదు. కానీ ఒక్కటే కొనగలిగితే నౌసికా కొనండి.

పెట్టె ధర భయపెడితే మొదటి రెండు సంపుటాలు విడిగా తీసుకుని చూడండి. రెండో సంపుటం అయ్యేసరికి కూడా పట్టుకోకపోతే అది మీ పుస్తకం కాదు, బలవంతం వద్దు. పాత ఇంగ్లిష్ ముద్రణలు బొమ్మలు తిప్పి ఎడమ నుంచి కుడికి వేశారు, పాత పుస్తకాల దగ్గర కొనేటప్పుడు అవీ ఇవీ కలపకండి. నా పెట్టె మాత్రం అడగొద్దు. మేనకోడలు ఆరో సంపుటంలో ఉంది, గుర్తుకు కరెంటు బిల్లు పెట్టుకుంది.