గ్రెయిన్‌ఫాదర్ జి30లో ఓల్డ్ ఏల్: డబ్బా మీద 9 కేజీలు, చేతల్లో 8

ఇంట్లో నాలుగైదు శాతం ఆల్కహాలుండే బిట్టర్ (ఇంగ్లిష్ తరహా మామూలు బీరు) కాచుకునేవాళ్లకి గ్రెయిన్‌ఫాదర్ జి30 అనే బీరు కాచే యంత్రం గురించి కొత్తగా చెప్పేదేమీ లేదు, ఆ పని శుభ్రంగా చేసిపెడుతుంది. దీనికి అసలు పరీక్ష ఓల్డ్ ఏల్ (నెలల తరబడి ముదరబెట్టి తాగే ఘాటైన బీరు) దగ్గరే. స్టాక్‌పోర్ట్‌లో రాబిన్సన్స్ వాళ్లు 1899 నుంచి చేస్తున్న ఓల్డ్ టామ్ తరహాలో, 8 శాతం దాటిన నల్లటి ఇంగ్లిష్ ఏల్ ఇందులో వస్తుందా? వస్తుంది. కానీ కంపెనీ చెప్పే 9 కేజీల గరిష్ఠాన్ని నమ్ముకుని 23 లీటర్లకి లెక్క వేస్తే మాత్రం రాదు. 8 కేజీలు పట్టే, 20 లీటర్లు ఇచ్చే యంత్రం అనుకునే కొనాలి.

న్యూజిలాండ్ కంపెనీ తయారీ ఇది. 30 లీటర్ల స్టీలు పాత్ర, అడుగున హీటరు, పంపు, మాల్ట్ (మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ గింజలు) పోయడానికి జల్లెడ అడుగున్న బుట్ట, చివర్లో వర్ట్ (మాల్ట్‌లోంచి దిగిన తియ్యటి ద్రవం) చల్లార్చే కౌంటర్‌ఫ్లో చిల్లర్. బ్రిటన్ వోల్టేజీకి హీటరు 2000 వాట్లు. అమెరికాలో ఉన్న మనవాళ్లకి దొరికే 110 వోల్టుల రకం 1600 వాట్లే కాబట్టి మరుగు పట్టడానికి బాగా ఆలస్యమవుతుంది, ఆ సంగతి ముందే లెక్కలో పెట్టుకోవాలి.

చిక్కంతా నీళ్ల లెక్కలో ఉంది. దీనికి వాడే సూత్రం ప్రకారం మాష్ నీళ్లు, అంటే మాల్ట్ నానబెట్టే వేడి నీళ్లు: మాల్ట్ కేజీలు ఇంటూ 2.7, దానికి 3.5 కలపాలి. కడుగు నీళ్లు, అంటే స్పార్జ్: మరిగించే ముందు పాత్రలో ఉండాల్సిన 28 లీటర్లలోంచి మాష్ నీళ్లు తీసేసి, మాల్ట్ కేజీలు ఇంటూ 0.8 కలపాలి. 5 కేజీలు పోస్తే మాష్‌కి 17 లీటర్లు, కడగడానికి 15 లీటర్లు వస్తాయి. 9 కేజీలు పోస్తే మాష్‌కే 27.8 లీటర్లు పోతాయి, కడగడానికి మిగిలేది 7.4 లీటర్లు. గింజలు దాదాపు రెట్టింపు, కడిగే నీళ్లు సగం. చక్కెర గింజల్లోనే ఉండిపోతుంది. అందుకే తేలిక బీరుకి మాల్ట్ చక్కెరలో 80 శాతం దాకా దిగుబడి ఇచ్చే యంత్రమే ఇక్కడ 65కి పడిపోతుంది. ఇది యంత్రం లోపం కాదు, పాత్ర కొలత. అయినా అమ్మేవాళ్లు ఈ మాట పైకి చెబితే బాగుండేది.

8 కేజీల దగ్గర ఆగితే మాష్ నీళ్లు 25.1, కడుగు నీళ్లు 9.3 లీటర్లు. దిగుబడి 70 శాతం దగ్గర నిలబడుతుంది. మారిస్ ఆటర్ పేల్ మాల్ట్ 7.5 కేజీలు, ముదురు క్రిస్టల్ మాల్ట్ 400 గ్రాములు, చాక్లెట్ మాల్ట్ 100 గ్రాములు. డెమరారా చక్కెర (గోధుమరంగు చక్కెర) 400 గ్రాములు మరిగింపు చివర్లో. రంగు కోసం చాక్లెట్ మాల్ట్ పెంచకండి. 200 దాటితే అది ఓల్డ్ ఏల్ రుచి వదిలి స్టౌట్ (మాడు రుచి నల్ల బీరు) దారి పడుతుంది.

మాష్ 65 డిగ్రీల దగ్గర, 90 నిమిషాలు. 68కి పెడితే బీరు చిక్కగా ఉంటుందని కొందరు ఆశపడతారు. ఇంత మాల్ట్‌తో చిక్కదనానికి కొరతేం ఉండదు. పైగా ఈస్ట్ (చక్కెరని ఆల్కహాలుగా మార్చేది) 1.028 గ్రావిటీ దగ్గర (నీళ్లని 1.000 అనుకుని కొలిచే సాంద్రత, చక్కెర ఉన్నకొద్దీ పెరుగుతుంది) ఆగిపోయి బీరు పానకంలా మిగులుతుంది.

మాల్ట్ ఒకేసారి గుమ్మరిస్తే లోపల ఉండలు కడతాయి. కేజీ చొప్పున పోస్తూ అడుగుదాకా కలపాలి. మర మరీ బిగించి మెత్తగా ఆడించిన మాల్ట్ అయితే వర్ట్ కిందికి దిగదు. రోలర్ల సందు 1.2 మిల్లీమీటర్ల దగ్గర ఉంచి, శుభ్రంగా కడిగిన వరి ఊక 250 గ్రాములు కలిపితే ఈ బెడద చాలావరకు తీరుతుంది. పంపు వర్ట్‌ని పైకి తోడి గింజల మీద పోస్తుంటుంది కదా, ఆ ధార ఎక్కువైతే వర్ట్ గింజల్లోంచి దిగకుండా మధ్యనున్న ఓవర్‌ఫ్లో గొట్టంలోంచి జారిపోతుంది. చూడ్డానికి అంతా తిరుగుతున్నట్టే ఉంటుంది, గింజల్లోని చక్కెర మాత్రం కదలదు. ఆ గొట్టంలోకి సన్నటి ధార కన్నా ఎక్కువ పడుతుంటే వాల్వ్ తగ్గించాలి. పై జల్లెడ పళ్లేన్ని గింజల మీద ఆనించి వదిలేయాలి, నొక్కకూడదు.

బుట్ట పైకెత్తే ఘట్టానికి ఇంకో మనిషి తోడుంటే మంచిది. 8 కేజీల మాల్ట్ పీల్చుకున్న నీళ్లతో కలిపి 15 కేజీలకి తగ్గదు, కారుతున్న వేడి వర్ట్ అదనం. ఎత్తి, తిప్పి, అంచు మీద ఆనించి, 75 డిగ్రీల నీళ్లు కొద్దికొద్దిగా పోయాలి. పాత్రలో 28 లీటర్లు చేరేసరికి గ్రావిటీ 1.060 దగ్గర ఉండాలి.

ఇక రెండు గంటలు మరిగించాలి, గంటకి సుమారు రెండున్నర లీటర్లు ఆవిరవుతాయి. చివరి గంట మొదట్లో ఛాలెంజర్ హాప్స్ (బీరుకి చేదు ఇచ్చే పూలు) 70 గ్రాములు, ఆఖరి 10 నిమిషాలకి ఈస్ట్ కెంట్ గోల్డింగ్స్ అనే ఇంకో రకం హాప్స్ 30 గ్రాములు. పని మధ్యలో ఆగిపోయేది ఎక్కువగా ఇక్కడే. చిక్కటి వర్ట్, మాల్ట్ పిండి కలిసి అడుగంటితే వేడి నుంచి కాపాడే స్విచ్ పడిపోయి హీటరు ఆగుతుంది. దాన్ని మళ్లీ నొక్కే బటన్ పాత్ర అడుగునే ఉంది, అంటే మరిగే వర్ట్ నిండా ఉండగా చెయ్యి కిందికి పెట్టాలి. ఆ బటన్ ఇంకెక్కడైనా పెట్టుంటే వీళ్ల సొమ్మేం పోయేది! ఆ అవసరం రాకుండా చూసుకోవడమే మేలు: మరుగు పట్టేలోపు అడుగు రెండుమూడు సార్లు గీకుతూ కలపాలి, డెమరారా చక్కెర నేరుగా పోయకుండా హీటరు ఆపి, జగ్గులో వేడి వర్ట్ తీసుకుని కరిగించి పోయాలి. కలిపేటప్పుడు గరిటె తగిలి పంపు ఫిల్టరు ఊడితే హాప్స్ ముద్ద పంపులోకి వెళ్తుంది, దాన్ని కూడా కాస్త కనిపెట్టుకోవాలి.

చిల్లర్ మీద వంక పెట్టడానికి లేదు. బ్రిటన్ కుళాయి నీళ్ల చల్లదనానికి అరగంటలోపే 20 డిగ్రీలకి దించుతుంది. ఫెర్మెంటర్లోకి, అంటే బీరు పులిసే పాత్రలోకి, 20 లీటర్లు, గ్రావిటీ 1.083 దగ్గర. ఎస్-04 ఈస్ట్ 11.5 గ్రాముల ప్యాకెట్లు రెండు వేయాలి, ఒకటి చాలదు. ఈస్ట్ వేసేముందు వర్ట్‌ని గాలి తగిలేలా బాగా చిలకాలి. మొదటి మూడు రోజులు 18 డిగ్రీలు, తర్వాత 20కి పెంచితే 1.020 దగ్గర ఆగుతుంది, అంటే 8 శాతం పైచిలుకు. నురుగు పొంగుతుంది కాబట్టి మామూలు ఎయిర్‌లాక్ (గ్యాసుని బయటికి మాత్రమే వదిలే మూత) బదులు నురుగు బయటికి పోయే లావుపాటి బ్లో-ఆఫ్ ట్యూబు పెట్టండి. సీసాల్లో గ్యాసు పుట్టడానికి లీటరుకి 4 గ్రాముల చక్కెర సరిపోతుంది. ఆరు నెలల లోపు మూత తీస్తే ఘాటే తప్ప రుచి తెలీదు.

చట్టం సంగతి: బ్రిటన్‌లో సొంత వాడకానికి ఇంట్లో బీరు కాచుకోడానికి 1963 నుంచి లైసెన్సు అక్కర్లేదు, లైసెన్సు లేకుండా అమ్మితే మాత్రం నేరం. ఆంధ్ర, తెలంగాణల్లో ఎక్సైజ్ అనుమతి లేకుండా ఈ పని కుదరదు.

నెలనెలా 8 శాతం పైన కాచేవాళ్లు దీనికన్నా పెద్ద పాత్ర చూసుకోవాలి. ఏడాదికి ఒకటి రెండు సార్లయితే ఇది చాలు, ఆ వృథా అయ్యే చక్కెరకీ దారుంది. బుట్టని వేరే గిన్నెలో దించి, ఇంకో 10 లీటర్ల వేడి నీళ్లు గింజల్లోంచి పోస్తే 1.030 దరిదాపుల్లో పల్చటి వర్ట్ వస్తుంది. లండన్ చిజిక్‌లో ఫుల్లర్స్ వాళ్లు ఒకే మాష్ నుంచి గట్టి బీరూ తేలిక బీరూ తీసే పద్ధతికి ఇది ఇంటి రూపం. గోల్డింగ్స్ 15 గ్రాములు వేసి పొయ్యి మీద గంట మరిగిస్తే, పెద్ద బీరు ముదిరేలోపు తాగడానికి మూడు నాలుగు శాతం చిన్న బీరు చేతిలో ఉంటుంది.