వరంగల్ ఆటోనగర్ బోరింగ్ షాపు: ఆక్టావియా ఆర్ఎస్ ఇంజన్‌కు ఏ పని ఇవ్వచ్చు, ఏది వద్దు

ఈ షాపుకు వచ్చేవి ఎక్కువగా లారీ, ట్రాక్టర్ ఇంజన్లు. అందుకే స్కోడా ఆక్టావియా ఆర్ఎస్ కారు 1.8 లీటర్ టర్బో ఇంజన్‌ను విప్పి, పవర్ పెంచి మళ్లీ కట్టుకుందామని దాని బ్లాక్ (సిలిండర్లుండే దిమ్మ) తెచ్చి బల్ల మీద పెడితే మొదట "స్లీవ్ ఎయ్యాల్నా సార్?" అనే అడుగుతారు. స్లీవ్ అంటే అరిగిన సిలిండర్ లోపల ఎక్కించే కొత్త గొట్టం. వద్దని చెప్పాలి. ఆ ఇంజన్‌ది పోత ఇనుము బ్లాక్. కంపెనీ బోరు (సిలిండర్ లోపలి వ్యాసం) 81 మి.మీ. దాన్ని 81.5కు పెంచినా గోడ మందానికి ఢోకా లేదు. బోరింగ్ (సిలిండర్‌ను కోసి వెడల్పు చేయడం), హోనింగ్ (రాయితో రుద్ది సన్నటి గీతలు పెట్టడం), క్రాంక్ పాలిష్, వాల్వ్ గైడ్లు ఇక్కడ ధైర్యంగా ఇవ్వచ్చు. క్రాంక్ బ్యాలెన్సింగ్, హెడ్ ఫేసింగ్ (హెడ్ అడుగు చదును చేయడం), అసెంబ్లీ మాత్రం వద్దు.

ఇంజన్ దించే ముందే ఎంత పవర్ కావాలో తేల్చుకోవాలి. మన దగ్గర 2004లో వచ్చిన ఆర్ఎస్‌కు కంపెనీ ఇచ్చింది 150 హార్స్‌పవర్. హన్మకొండ ట్రాఫిక్‌లో రోజూ తిరుగుతూ, అప్పుడప్పుడు హైదరాబాద్ హైవే ఎక్కే బండికి 200 దగ్గర ఆగితే మంచిది. ఈ ఇంజన్‌లో ముందుగా చేతులెత్తేసేవి కనెక్టింగ్ రాడ్లు (పిస్టన్‌ను క్రాంక్‌కు కలిపేవి). తక్కువ ఆర్‌పీఎంలో టర్బో ఒక్కసారిగా టార్క్ ఇచ్చినప్పుడు వంగుతాయి. కాబట్టి ఫోర్జ్‌డ్ రాడ్లు ముందు, పిస్టన్లు తర్వాత. డబ్బులు తక్కువైతే పిస్టన్లు కంపెనీ రకంవే వేసుకోవచ్చు, రాడ్ల దగ్గర మాత్రం పిసినారితనం పనికిరాదు.

ఆర్డర్ పెట్టేముందు గడ్జన్ పిన్ (పిస్టన్‌ను రాడ్‌కు కలిపే పిన్) కొలవాలి. ఈ 1.8 టర్బోల్లో కొన్నింటికి 20 మి.మీ. పిన్, కొన్నింటికి 19 మి.మీ. ఆన్‌లైన్‌లో చూసి రాడ్లు ఒక సైజు, పిస్టన్లు ఇంకో సైజు తెప్పిస్తే డబ్బు, నెలలు రెండూ పోతాయి.

పిస్టన్లు చేతికి రాకుండా బ్లాక్ బోరింగ్‌కు ఇవ్వనే కూడదు. ఈ షాపులో మెచ్చుకోవాల్సింది ఇక్కడే. అడిగితే ఒక్కో పిస్టన్‌ను మైక్రోమీటర్‌తో కొలిచి, ఏది ఏ సిలిండర్‌దో మార్కర్‌తో రాసి, దానికి తగ్గట్టే బోరు తీస్తారు. పిస్టన్‌తో వచ్చే కార్డులో స్కర్ట్ (పిస్టన్ కింది గోడ) మీద ఎంత ఎత్తులో కొలవాలో ఉంటుంది, అది చూపించాలి. పైన, మధ్యన, కింద, రెండేసి దిక్కులు, మొత్తం ఆరు రీడింగులు డయల్ బోర్ గేజ్‌తో మన కళ్ల ముందే తీస్తారు. వాటి మధ్య తేడా 0.01 మి.మీ. దాటకూడదు.

చిక్కు క్లియరెన్స్ (పిస్టన్‌కు, బోరుకు మధ్య వదిలే ఖాళీ) దగ్గర వస్తుంది. మాట్లాడకుండా వదిలేస్తే అలవాటైన లెక్కే వేస్తారు. 4032 అనే రకం అల్యూమినియం పిస్టన్‌లో సిలికాన్ ఎక్కువ, వేడికి తక్కువ పెరుగుతుంది, సుమారు 0.05–0.06 మి.మీ. చాలు. 2618 రకం దెబ్బలకు గట్టిగా నిలుస్తుంది గానీ ఎక్కువ పెరుగుతుంది. దానికి 0.07–0.09 దాకా కావాలి, పొద్దున్నే స్టార్ట్ చేస్తే కాసేపు టకటకమంటుంది. రోజువారీ బండికి 4032 సరిపోతుంది. ఏదైనా సరే పిస్టన్ కార్డులోని అంకెదే చివరి మాట. దాన్ని కాగితం మీద రాసి ఇవ్వండి, నోటిమాట నమ్ముకోవద్దు.

హోనింగ్‌లో ఒక లోటుంది. హెడ్ బోల్టులు బిగిస్తే బోరు కొద్దిగా వంకర పోతుంది. అందుకే మందపాటి టార్క్ ప్లేట్ బిగించి హోనింగ్ చేయాలి. ఈ షాపులో కార్లకు ఆ ప్లేట్లు లేవు. లేత్ షాపులో రెండంగుళాల మందం ఇనుప ప్లేటు చేయించి, పాత గ్యాస్కెట్, బోల్టులతో సహా తీసుకెళ్తే బిగించి చేస్తారు, విసుక్కోరు. గీతలు ఒకదానికొకటి 45 డిగ్రీల దగ్గర పడాలి. చివర 400 గ్రిట్ రాయితో పైపైన నాలుగు చుట్లు తిప్పమనండి.

కడగడం మాత్రం వీళ్లకు వదలకండి. డీజిల్ కొట్టి, గాలి పట్టి "అయిపాయె" అంటారు. హోనింగ్ రాతిపొడి డీజిల్‌కు పోదు, గీతల్లోనే కూర్చుంటుంది. వేడినీళ్లు, సర్ఫు, గట్టి బ్రష్. రుద్ది, ఆరబెట్టి, వెంటనే నూనె రాసి, తెల్లగుడ్డతో తుడవాలి. గుడ్డకు బూడిదరంగు అంటితే మళ్లీ మొదటి నుంచి. ఆ పొడి మిగిలితే కొత్త రింగులను సానరాయిలా అరగదీసి, బేరింగుల దాకా పోతుంది. ఆయిల్ దారుల ప్లగ్గులు విప్పించి అవి కూడా బ్రష్ పెట్టి కడగాలి.

హెడ్‌లో సిలిండర్‌కు అయిదు వాల్వులు. ఎగ్జాస్ట్ వాల్వుల లోపల సోడియం ఉంటుంది, వాటిని మెషిన్ మీద గ్రైండ్ చేయకూడదు, పేస్ట్ రాసి సీటు మీద చేత్తో తిప్పి రుద్దడం (ల్యాపింగ్) మాత్రమే. షాపులో ఇది ముందే చెప్పాలి. ఫేసింగ్ ఎందుకు వద్దంటున్నామంటే, మెటల్ లేయర్ల గ్యాస్కెట్‌కు కావాల్సినంత నున్నటి ఫినిష్ ఇక్కడి రాయితో రావట్లేదు. హైదరాబాద్ పంపడమే నయం, క్రాంక్ బ్యాలెన్సింగ్‌కు ఎలాగూ పోవాలి కదా.

అసెంబ్లీ తీరిగ్గా ఇంట్లోనో, తెలిసిన మెకానిక్ దగ్గరో చేసుకోండి. 81.5 బోరుకు, 200 హార్స్‌పవర్‌కు పెట్టే బూస్ట్‌కు (టర్బో నెట్టే గాలి ఒత్తిడికి) పై రింగు గ్యాప్ 0.37–0.41 మి.మీ., రెండోది 0.41–0.45. గ్యాప్ తక్కువైతే వేడికి రింగు కొసలు తగులుకుని పిస్టన్ అంచే విరుగుతుంది, ఎక్కువైతే కాస్త గ్యాస్ కారుతుంది, అంతే. బిగ్ ఎండ్‌లో (రాడ్ క్రాంక్‌ను పట్టుకునే చోట) 0.05 మి.మీ. దగ్గర ఖాళీ ఉండాలి, ప్లాస్టిగేజ్ (నలిగిన వెడల్పును బట్టి ఖాళీ చెప్పే మెత్తటి ప్లాస్టిక్ దారం) పెట్టి చూడండి. సాగే రకం బోల్టులన్నీ కొత్తవే. మెయిన్ బోల్టుల స్థానంలో స్టడ్లు వేస్తే లైన్ హోనింగ్ (క్రాంక్ కూర్చునే రంధ్రాలన్నీ ఒకే వరసకు తెచ్చి మళ్లీ రుద్దడం) పని పడుతుంది, 200 హార్స్‌పవర్‌కు అది దండగ. ఆయిల్ పికప్ జాలీ తప్పకుండా మార్చాలి. మడ్డి పట్టి మూసుకుపోవడం ఈ ఇంజన్‌కు పాత జబ్బు. వాటర్ పంపుకు ప్లాస్టిక్ ఫ్యాన్ ఉంటే ఇనుపది వేయండి. ఇంత పాతబండి పెట్రోల్ పైపులు ఈ20ను (20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్‌ను) తట్టుకునేవి కావు, అవి కూడా అదే ఊపులో మార్చేయాలి.

మొదటి స్టార్ట్‌కు ముందు ఫ్యూయల్ పంప్ ఫ్యూజు తీసి, ఆయిల్ లైటు ఆరేదాకా సెల్ఫ్ కొట్టాలి. టర్బోకు పైనుంచి నూనె పోసి పెట్టాలి. స్టార్ట్ అయ్యాక గంటలకొద్దీ ఐడిల్‌లో ఉంచొద్దు, బోరు అద్దంలా నున్నబడి రింగులు కూర్చోవు. లీకులు చూసుకుని నేరుగా రోడ్డెక్కాలి. మూడో గేర్‌లో సగం యాక్సిలరేటర్, మళ్లీ కాలు తీసి ఇంజన్ బ్రేకింగ్. మినరల్ ఆయిల్ 100 కి.మీ.కు తీసేసి, ఫిల్టర్ కోసి మడతలు విప్పి చూడాలి. సన్నటి ఇనుప పొడి మామూలే. రాగి, ఇత్తడి రంగు మెరుపు కనిపిస్తే బేరింగులే, బండి ఆపేయాలి. ఫుల్ బూస్ట్ ట్యూనింగ్ 1500 కి.మీ. తర్వాతే. ట్యూన్ చేసేవాళ్లకు ఈ20 పెట్రోల్ అని చెప్పండి, ఇంధనం సరిగ్గా మండే గాలి-ఇంధనం నిష్పత్తి దీనికి 14.7 కాదు, 13.5 దగ్గర ఉంటుంది. వరంగల్ మే నెల 44 డిగ్రీల్లో నాక్ (వేడికి పెట్రోల్ అదుపు తప్పి పేలే చప్పుడు) వస్తుందేమో మధ్యాహ్నమే చూడాలి, పొద్దున్నే తీసిన రీడింగులతో మురిసిపోవద్దు.

షాపు సంగతులు: బిల్లు అడిగితేనే రాస్తారు. సీజన్‌లో ట్రాక్టర్ల పని మీద పడితే కారు బ్లాక్ మూలకు పోతుంది, వరికోతల ముందు ఇవ్వకపోవడం మేలు. బోరు తీశాక ఆలస్యం చేయకుండా తెచ్చుకోండి, నూనె రాసి పాలిథిన్ చుట్టకపోతే వానాకాలంలో రాత్రికి రాత్రే తుప్పు పడుతుంది.