హమ్ తీసేసే పెట్టె: వాపసు పంపేద్దామనుకుని ఆగిపోయాను

ముందే చెప్పేస్తున్నా, గిటార్ ఆంప్ స్పీకర్లోంచి ఆగకుండా వచ్చే గుంయ్‌మనే మోత, అంటే హమ్, తీసేసే ఈ పెట్టె పనిచేస్తుంది. కాకపోతే మొదటి గంటలో నాకు పనిచేయలేదు, పైగా హమ్ ఇంకాస్త పెరిగింది, దాంతో మళ్ళీ అట్టపెట్టెలో సర్దేసి వాపసు పంపేద్దామని టేపు కూడా తీసుకొచ్చాను. తప్పు దానిది కాదు, నాదే. ఖాళీగా ఉంది కదా అని ఆంప్ హెడ్ (స్పీకరు విడిగా ఉండే ఆంప్ పెట్టె) మీద పెట్టాను, అదీ సరిగ్గా పవర్ ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న వైపు.

వస్తువు ఏమిటంటే, రెండు ఛానెళ్ల పాసివ్ ఐసొలేటర్. కరెంటు అక్కర్లేదు, బ్యాటరీ అక్కర్లేదు, స్విచ్ ఒక్కటీ లేదు. లోపల 1:1 ఆడియో ట్రాన్స్‌ఫార్మర్లు రెండు, బయట నాలుగు జాక్‌లు, అంతే. కంపెనీ పేరు రాయడం లేదు, ఈ రకం పెట్టెలన్నీ ఒకే సూత్రం మీద నడుస్తాయి కాబట్టి పేరుతో పెద్దగా పని కూడా లేదు. సిగ్నల్ ఒక చుట్టలోంచి ఇంకో చుట్టలోకి అయస్కాంత క్షేత్రం ద్వారా దాటుతుంది, రెండు చుట్టలనీ కలిపే తీగ ఉండదు, అందుకని గ్రౌండ్, అంటే కేబుల్ బయటి అల్లిక (షీల్డ్) ద్వారా రెండు పరికరాలనీ కలిపే దారి, అక్కడితో తెగిపోతుంది.

నాది ఫోర్ కేబుల్ మెథడ్, అంటే మల్టీ ఎఫెక్ట్స్‌లో (రకరకాల ఎఫెక్టులు ఒకేచోట ఉండే పెడల్ యూనిట్) కొన్ని ఆంప్ ముందు, కొన్ని ఆంప్ మధ్యలో పడేలా కలపడం. ఆంప్ మధ్యలోంచి సిగ్నల్ బయటికొచ్చే జాక్ సెండ్, తిరిగి లోపలికెళ్ళే జాక్ రిటర్న్. గిటార్ నుంచి మల్టీ ఎఫెక్ట్స్‌కి ఒక కేబుల్, అక్కణ్ణుంచి ఆంప్ ఇన్‌పుట్‌కి ఒకటి, ఆంప్ సెండ్ నుంచి మల్టీకి ఒకటి, మళ్ళీ మల్టీ నుంచి ఆంప్ రిటర్న్‌కి ఒకటి. లెక్కేసుకుంటే మల్టీకీ ఆంప్‌కీ మధ్య మూడు కేబుళ్లు, మూడు షీల్డులు, గ్రౌండ్‌కి మూడు దారులు. కావలసింది ఒక్కటే దారి. మిగతా రెండూ దానితో కలిసి ఉంగరాల్లా మూసుకుంటాయి, గదిలోని కరెంటు తీగలూ ట్రాన్స్‌ఫార్మర్లూ వదిలే క్షేత్రం ఆ ఉంగరాల్లో కరెంటు పారిస్తుంది, అదే స్పీకర్లోంచి గుంయ్‌మంటూ వస్తుంది. సరఫరా 50 హెర్ట్జ్ ఉన్నచోట ఈ హమ్ దాదాపు జి స్వరం, కాబట్టి జి స్కేల్లో వాయిస్తే తంబురా ఉందని సరిపెట్టుకోవచ్చు. 60 ఉన్నచోట అది బి ఫ్లాట్‌కీ బికీ మధ్యలో పడుతుంది, పాపం అక్కడివాళ్లకి ఆ సదుపాయం కూడా లేదు. రెండు ఆంప్‌లు స్టీరియోలో వాడేవాళ్లకే ఈ గొడవ అని చాలాకాలం అనుకున్నాను, ఒక్క ఆంప్‌తోనే చేతులారా తెచ్చుకోవచ్చని ఇప్పుడు తెలిసింది.

కొనే ముందు మాత్రం మీది అసలు గ్రౌండ్ లూపేనా (పైన చెప్పిన ఉంగరమేనా) అని చూసుకోండి, లేకపోతే డబ్బు దండగ. అన్నీ పీకేసి ఆంప్ ఒక్కదాన్నే ఆన్ చేయండి, అప్పుడూ గట్టిగా హమ్ వస్తుంటే సమస్య ఆంప్ లోపలిది, పాత ఫిల్టర్ కెపాసిటర్లు కావచ్చు, మెకానిక్‌కి చూపించాల్సిందే. గిటార్ నేరుగా పెట్టి, కూర్చున్న చోటే అటూ ఇటూ తిరిగినప్పుడు హమ్ పెరుగుతూ తగ్గుతూ ఉంటే అది సింగిల్ కాయిల్ పికప్ (గిటార్ తీగల కదలికని పట్టే, ఒకే చుట్ట ఉన్న భాగం) పని, దానిమీద ఈ పెట్టె పనిచేయదు. తీగలమీద చెయ్యి వేస్తే తగ్గే జుర్రుమనే బజ్ అయితే షీల్డింగ్ వైపు, డిమ్మర్ లైట్ల వైపు చూడాలి. ఆ తర్వాత కేబుళ్లు ఒక్కొక్కటే కలుపుకుంటూ రండి. నా దగ్గర రిటర్న్ కేబుల్ దగ్గర దొరికింది. ప్లగ్ లోపలికి తోయకుండా దాని ఒంటిని ఊరికే జాక్ అంచు లోహానికి ఆనించాను, సిగ్నల్ అన్నదే లేదు, అయినా హమ్ వచ్చేసింది. తీస్తే పోయింది, ఆనిస్తే వచ్చింది. ఇక అనుమానమే లేదు. ఇంకో మాట, అన్నిటినీ ఒకే పవర్ స్ట్రిప్‌లో పెట్టి, కేబుళ్లని దగ్గర దగ్గరగా కట్టి చూడండి. కొందరికి అంతమాత్రానికే వినపడనంత తగ్గుతుంది, గోటితో పోయేదానికి గొడ్డలెందుకు.

నాకు తగ్గింది కానీ పోలేదు, అందుకే పెట్టె. మల్టీ నుంచి ఆంప్ ఇన్‌పుట్‌కి వెళ్ళే కేబుల్‌ని నేరుగా ఉంచేశాను, గ్రౌండ్‌కి అదొక్కటే దారి. సెండ్, రిటర్న్ కేబుళ్లు రెండూ పెట్టెలోంచి వెళ్తాయి, రెండు ఛానెళ్లు సరిగ్గా సరిపోయాయి. నా మల్టీ అడాప్టర్‌కి రెండే పిన్నులు, ఎర్త్ లేదు. మీదానికి మూడు పిన్నుల ప్లగ్గుండి ఎర్త్ అయివుంటే గోడ దగ్గర ఇంకో దారి తెరుచుకునే ఉంటుంది, అప్పుడు మూడో కేబుల్‌ని కూడా తెంపాలి, రెండు ఛానెళ్లు చాలవు.

సరే, ఆ మొదటి గంట. ఆంప్ మీదున్న పెట్టెని విసుగ్గా చేతిలోకి తీసుకుంటుంటే హమ్ మారింది. పావు వంతు తిప్పితే తగ్గుతోంది, ఇంకో పావు తిప్పితే పెరుగుతోంది. లోపలున్నవి ట్రాన్స్‌ఫార్మర్లే కదా, పక్కనే ఇంకో పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ ఉంటే దాని క్షేత్రాన్ని ఇవీ పీల్చుకుంటాయి. తీసుకెళ్ళి కింద పెడల్‌బోర్డు దగ్గర పెట్టాను. పూర్తిగా నిశ్శబ్దం. వెంట వచ్చిన కాగితంలో ఈ ముక్క ఒక్కటి రాసుంటే టేపు వెతికే పని తప్పేది.

లోపాలు లేవని కాదు. ఆంప్ సెండ్ లెవెల్ బాగా ఎక్కువ పెడితే, అన్నిటికన్నా లావైన లో-E తీగని అరచేతి అంచుతో నొక్కిపట్టి కొట్టినప్పుడు (పామ్ మ్యూట్) బాస్ కాస్త మసకబారినట్టుంటుంది. చిన్న ట్రాన్స్‌ఫార్మర్లు కింది స్వరాల్లోనే ముందు సాచురేట్ అవుతాయి (ఇక మోయలేక సిగ్నల్‌ని వంకర చేస్తాయి) మరి. సెండ్ తగ్గించి రిటర్న్ పెంచితే సర్దుకుంది. రెండోది, పాసివ్ (బ్యాటరీ లేని) గిటార్ని నేరుగా ఇందులో పెట్టకండి, కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు ట్రెబుల్ అంతా పోతుంది. లైన్ లెవెల్ కోసం చేసిన వస్తువు, ముందు బఫర్ (గిటార్ బలహీన సిగ్నల్‌ని లోడు తట్టుకునేలా చేసే చిన్న సర్క్యూట్) ఉండాలి. మూడోది, కొనగానే మల్టీమీటర్‌తో ఇన్‌పుట్ జాక్ స్లీవ్‌కీ (గ్రౌండ్ తగిలే లోహపు భాగం) అవుట్‌పుట్ జాక్ స్లీవ్‌కీ మధ్య బీప్ వస్తుందేమో చూసుకోండి. వస్తే రెండు గ్రౌండ్లూ లోపలెక్కడో, లేదా లోహపు డబ్బా ద్వారా కలిసిపోయినట్టే, ఇక ఎందుకూ పనికిరాదు. నాదానిలో బీప్ రాలేదు.

దీనికి ముందు చేసిన ప్రయోగాలు కూడా చెప్పాలి. నాయిస్ గేట్ (సిగ్నల్ బాగా తగ్గగానే శబ్దం ఆపేసే పెడల్) పెట్టాను. వాయించనప్పుడు హాయిగా ఉంటుంది, వాయించగానే గేటు తెరుచుకుని నోట్ వెనకాలే హమ్ కూడా వచ్చేస్తుంది. ఒక కేబుల్‌కి ఒక చివర షీల్డ్ తెంపి చూశాను, నిజం చెప్పాలంటే అది బాగానే పనిచేసింది. కానీ గుర్తు పెట్టుకోకుండా ఓ రోజు అదే కేబుల్‌తో గిటార్‌ని నేరుగా ఆంప్‌కి కలిపేసరికి గది దద్దరిల్లింది. ఇప్పుడు దానికి ఎర్ర టేపు చుట్టి సొరుగులో పడేశాను.

ఆంప్ ప్లగ్గుకి ఎర్త్ పిన్ను తీసేయమనే ఉచిత సలహా కూడా వచ్చింది. హమ్ పోతుంది, నిజమే. దాంతోపాటు ప్రాణానికున్న రక్షణా పోతుంది. ట్యూబ్ ఆంప్ లోపల వందల వోల్టులుంటాయి, మన చేతిలోని తీగలు కేబుల్ షీల్డ్ ద్వారా ఆ ఆంప్ లోహపు చట్రానికే (ఛాసీ) కలిసి ఉంటాయి. 1972లో స్టోన్ ది క్రోస్ గిటారిస్ట్ లెస్ హార్వే స్వాన్సీలో స్టేజి మీదే, ఎర్త్ సరిగా లేని మైక్ ముట్టుకుని షాక్‌తో చనిపోయాడు. ఈ పెట్టె తెంపేది సిగ్నల్ వైపు గ్రౌండ్‌ని, కరెంటు ఎర్త్ జోలికే పోదు. నా దృష్టిలో దీన్ని కొనడానికి అసలు కారణం ఇదే.

అయిదుకి నాలుగు. ఒకటి ఆ బాస్ సంగతికీ, ఎక్కడ పెట్టాలో చెప్పని కాగితానికీ కలిపి తీసేశాను. ఇప్పుడు బోర్డు అడుగున వెల్క్రోతో అతికించి ఉంది, ఆంప్‌కి మూడు నాలుగడుగుల దూరంలో. హమ్ పోయాక గెయిన్ ఛానెల్‌లో (ఆంప్‌లో బాగా డిస్టార్షన్ ఇచ్చే ఛానెల్) హిస్, అంటే బుస్సుమనే శబ్దం, అంత ఉందని మొదటిసారి వినపడింది. అది ఆంప్‌దే, దాని సంగతి తర్వాత చూడాలి.