చతుచకా, పూల మార్కెట్టా? బ్యాంకాక్‌లో ఒక్క పూటే ఉంటే

"వదినా, బ్యాంకాక్‌లో మార్కెట్‌కి ఒక్క పూటే కుదురుతుంది. చతుచక్‌కి పోవాలా, పూల మార్కెట్‌కా?" బెంగళూరు మారతహళ్లి నుంచి మా ఆడపడుచు ఫోన్. పోయినేడు మేం రెండూ తిరిగొచ్చాం మరి.

చతుచక్ అంటే మన బెంగళూరు చిక్‌పేట సందులన్నీ తెచ్చి రేకుల కింద పెట్టినట్టు ఉంటుంది. 27 సెక్షన్లు, 15,000కు పైగా కొట్లు. అసలు సంత శని, ఆదివారాల్లోనే. కాంఫేంగ్ ఫెట్ మెట్రో స్టేషన్ నుంచి పైకొస్తే మార్కెట్లోనే తేలతాం. మా ఆయన అక్కడ ఒక చొక్కా చూసి, "తిరిగొచ్చేటప్పుడు తీసుకుందాంలే" అన్నారు. గంటన్నర వెతికినా ఆ కొట్టు మళ్లీ కనపడలేదు. ఆ చొక్కా ఊసు ఇప్పటికీ మా ఇంట్లో వస్తూనే ఉంటుంది. నచ్చింది అక్కడే కొనెయ్యాలి. కాదంటే సెక్షన్, సందు నంబర్లున్న బోర్డును ఫోటో తీసుకోవాలి. బేరానికి భాష అక్కర్లేదు, క్యాలిక్యులేటర్ మీద అంకె నొక్కి చూపిస్తారు. ఒకటి కొంటే తగ్గనివాళ్లు మూడు కొంటే తగ్గుతారు. పొద్దున్నే వెళ్లాలి, మధ్యాహ్నమైతే ఆ రేకుల కింద ఉడికిపోతాం.

పూల మార్కెట్ పేరు పాక్ ఖ్లాంగ్ తలాత్. రాత్రీ పగలూ తెరిచే ఉంటుంది, తెల్లవారకముందే సందడి ఎక్కువ. కేఆర్ మార్కెట్లో మల్లెలు మూరల లెక్కన కొనేవాళ్లం కదా, "ఇంత దూరం వచ్చి మళ్లీ బంతిపూలేనా" అన్నారు మా ఆయన. బంతి గుట్టలు, మల్లెమొగ్గలు ఉన్న మాట నిజమే. కానీ మనం దారంతో ముడివేసి కడతాం. అక్కడొకామె జానెడుకు మించిన సూదికి మొగ్గల్ని వరసగా గుచ్చి, అలాగే దారం మీదకి జార్చింది. మణికట్టుకు పట్టేంత దండ, కింద గులాబీల కుచ్చు. కొని జడలో పెట్టుకోబోయాను. ఆమె నవ్వి, రెండు చేతులూ జోడించి చూపించింది. అది దేవుడికట. తర్వాత గమనిస్తే బుద్ధుడి ముందు, టాక్సీ అద్దాలకు, అన్నిచోట్లా అవే దండలు. పక్క బల్ల దగ్గర ఒకబ్బాయి తామరమొగ్గ రేకుల్ని ఒక్కొక్కటే లోపలికి మడుస్తున్నాడు. కాఫీ చల్లారిపోయేదాకా అక్కడే నిలబడి చూశాం.

కొనుగోళ్లే పనైతే చతుచక్‌కు సాటిలేదు. నన్నడిగితే మాత్రం పూల మార్కెట్టే. చొక్కాలు కమర్షియల్ స్ట్రీట్‌లోనూ దొరుకుతాయి. పూల మార్కెట్‌కైతే సనమ్ చాయ్ మెట్రోలో దిగి కాసేపు నడిస్తే చాలు. తెల్లవారుజామున వెళ్లాలంటే మెట్రో ఉండదు, టాక్సీయే గతి.

ఇదంతా అరగంట చెప్పాక అడిగాను, ఏ రోజుల్లో వెళ్తున్నారని.

"సోమవారం దిగుతాం, బుధవారం పొద్దున్నే రిటర్న్ వదినా!"