కార్తేజ్‌లో ఆ గైడ్‌కి 90 దినార్లు ఇవ్వకండి

ట్యునీషియా వెళ్లే మనవాళ్లకి ముందే చెబుతున్నాను. కార్తేజ్ అనే పాత నగరం శిథిలాల గేటు దగ్గర మెడలో కార్డు వేసుకుని "అఫీషియల్ గైడ్" అంటూ ఎదురొచ్చే మనిషిని నమ్మకండి. మా దగ్గర 90 దినార్లు తీసుకున్నాడు, మన లెక్కలో దాదాపు 2,400 రూపాయలు. సముద్రం ఒడ్డున ఆంటోనైన్ స్నానశాలల దగ్గర నిలబెట్టి "ఇదే ఎలిస్సా రాణి కోట" అన్నాడు. అది రోమన్లు క్రీ.శ. 2వ శతాబ్దంలో కట్టింది. ఎలిస్సా ఈ ఊరు కట్టిందని చెప్పే కాలానికీ దానికీ తొమ్మిదొందల ఏళ్లు పైనే తేడా. ఆ మాటే అంటే, "ఫోటో తీసుకోండి మేడమ్" అని ముందుకు నడిచాడు.

పారిస్ నుంచి సెలవు పెట్టుకుని వచ్చిన బావగారి మొహం మాడిపోయింది. అక్క మాత్రం, "పోనీలేవే, ఇంత చదువుకొచ్చావుగా, నువ్వే చెప్పు" అంది.

బిర్సా కొండెక్కి చెప్పాను. టైర్ అనే ఊరు ఇప్పటి లెబనాన్‌లో ఉంది. అక్కడి రాజు పిగ్మాలియన్ బంగారం కోసం తన తోబుట్టువు ఎలిస్సా భర్తని చంపిస్తే, ఆమె ఓడల్లో పారిపోయి ఇక్కడ దిగిందని కథ. ఎద్దు చర్మం పట్టేంత నేల అడిగి, ఆ చర్మాన్ని సన్నని పట్టీలుగా కోసి ఈ కొండనే చుట్టేసిందట. గ్రీకులో బిర్సా అంటే తోలు, ఆ మాట మీద పుట్టిన కథే అయుండాలి. కానీ సంప్రదాయం చెప్పే క్రీ.పూ. 814 గాలికబురు కాదు. తవ్వకాల్లో దొరికిన ఎముకల కార్బన్ డేటింగ్ కూడా 9వ శతాబ్దం దగ్గరికే వస్తోంది. వాళ్లు పెట్టిన పేరు కర్త్ హదష్ట్. అంటే అచ్చంగా మన కొత్తూరు! అక్కకి అది భలే నచ్చింది.

ఈ కొత్తూరు ఎలా ఎదిగిందో కొండ మీంచి చూస్తే తెలుస్తుంది. ఎదురుగా గాలివాన తగలని అఖాతం, దాని అవతల సిసిలీ. స్పెయిన్ వెండి కోసం టైర్ నుంచి పడమటికి వెళ్లే ఓడలకి ఇది సగం దారి. బాబిలోన్ రాజు నెబుకద్నెజర్ 13 ఏళ్లు టైర్‌ని ముట్టడించి దాని నడుం విరిచాక, పడమట ఫినీషియన్లు, అంటే టైర్ వైపు సముద్ర వర్తకులు, కట్టుకున్న రేవులకి ఈ ఊరే పెద్దదిక్కయింది.

రోమన్లు క్రీ.పూ. 146లో దీన్ని తగలబెట్టారు. తర్వాత కొండ నెత్తిని చదును చేసి ఆ మట్టిని వాలు మీదికి తోశారు. అందుకే ఆ మట్టి కింద పాత ఇళ్లు మిగిలాయి. నేను వంగి చూసిన ఒక ఇంటి నేల కింద వాన నీటి తొట్టె ఉంది. పొడవుగా, ఇరుకుగా, లోపల బూడిదరంగు గార ఇంకా నున్నగానే ఉంది. గైడ్ ఇటువైపే తీసుకురాలేదు!

పిల్లల అస్థికల కుండలు దొరికిన టోఫెత్ అనే చోటికి అక్క రానంది. మేం కూడా ఐదు నిమిషాలే ఉన్నాం.

అసలు చూడాల్సింది రేవులు. ఇప్పుడవి ఇళ్ల మధ్య రెండు చెరువుల్లా ఉంటాయి. గుండ్రటి దానిలో 220 యుద్ధనౌకలకి షెడ్లుండేవని పాతకాలపు చరిత్రకారుడు అప్పియన్ రాశాడు. పొడవాటిది వర్తకుల ఓడలకి, దాని నోటికి ఇనప గొలుసులు అడ్డం కట్టేవాళ్లట. బావగారు గంటసేపు అక్కడ్నుంచి కదల్లేదు.

శిథిలాలన్నిటికీ కలిపి టికెట్ మేం వెళ్లినప్పుడు 12 దినార్లు, ఆ ఒక్కరోజుకే పనిచేస్తుంది, కాబట్టి పొద్దున్నే వెళ్లండి. రాజధాని ట్యునిస్ నుంచి రైలుకి దినార్ కూడా అవలేదు, టాక్సీ దండగ. మధ్యాహ్నం రేవు దగ్గర 4 దినార్లకి బ్రిక్ తిన్నాం. పల్చటి పిండి రేకులో పచ్చి గుడ్డు కొట్టి నూనెలో వేయిస్తారు, కొరగ్గానే సొన కారుతుంది. పక్కన హరీసా, అంటే ఎండుమిర్చి, వెల్లుల్లి నూరిన ఎర్రటి పచ్చడి. వారం రోజులుగా చప్పిడి తిండి తింటున్న బావగారు ఇంకో గిన్నె అడిగారు. దానికి డబ్బులు తీసుకోలేదు.