నష్టాన్ని ముందే చూపించిన లెక్కల యాప్

నాది పుస్తకాల బైండింగ్ పని, ఇద్దరు సహాయకులు. 2020 మార్చి 11న ప్రపంచ ఆరోగ్య సంస్థ కోవిడ్‌ను మహమ్మారిగా ప్రకటించింది. కొద్ది వారాల్లోనే నాకు వచ్చే పని సగానికి పడిపోయింది. రాబడి సగమైతే లాభమూ సగమవుతుందని అనుకున్నాను. ఆ పొరపాటును సరిదిద్దింది ఈ ఫోను యాపే.

ఇది ఖర్చులను రెండు భాగాలుగా చూపుతుంది. అట్ట, జిగురు, దారం ఖర్చు పనితోపాటే తగ్గుతుంది. అద్దె, జీతాలు, అప్పు వాయిదా తగ్గవు. మామూలు నెలలో 100 వస్తే సరుకుకు 40, స్థిర ఖర్చులకు 45 పోయి నాకు 15 మిగిలేది. రాబడి 50కి పడగానే సరుకుకు 20, స్థిర ఖర్చులకు అదే 45. అంటే 15 నష్టం! ఆ ఎర్ర అంకె చూసిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మర్నాడే ఇంటి యజమానితో మాట్లాడి అద్దె తగ్గించుకున్నాను. సహాయకులను మాత్రం వదులుకోలేదు.

లోపాలూ ఉన్నాయి. రావలసిన బాకీని చేతికొచ్చిన డబ్బుగానే లెక్కిస్తుంది. గిరాకీ పడిపోయిన రోజుల్లో ఇది ప్రమాదకరం, ఎందుకంటే కాగితం మీద లాభం ఉన్నా చేతిలో నగదు లేక కొట్టు మూతపడవచ్చు. అప్పు వాయిదాను వెనక్కి జరిపితే పెరిగే వడ్డీనీ చూపదు. దానికి నేను విడిగా నోటు పుస్తకం పెట్టుకున్నాను. సాయం కోరుతూ యాప్ వాళ్లకు రాస్తే జవాబుకు మూడు వారాలు పట్టింది.

అయినా ఇప్పటికీ రోజూ రాత్రి దీనిలో లెక్క రాస్తున్నాను. ఐదుకు నాలుగు ఇస్తాను.